లేరన్నవారికి పేర్లతో జవాబు

పుట్టిల్లు ఒకచోట, మెట్టినిల్లు ఇంకోచోట అయిన ఆడవాళ్ళకి యాసల తగాదా గురించి ఒకరు చెప్పక్కర్లేదు. ఉల్లిపాయ అనే ఇంట్లో పుట్టి ఉల్లిగడ్డ అనే ఇంట్లో కాలు పెడితే చాలు, రెండుపక్కల వాళ్ళకీ మనం నవ్వులాట అయిపోతాం. బంగాళాదుంపంటే అత్తవారింట్లో నవ్వుతారు. అదే నోటితో పండక్కి పోయి ఆలుగడ్డంటే అమ్మగారింట్లో నవ్వుతారు. పచ్చడి, తొక్కు ఒకే రోట్లోంచి వచ్చినా సరే!

నేను గోదావరి జిల్లాలో పుట్టాను. మెట్టింది టేకులపల్లి. ఇల్లెందు నుంచి కొత్తగూడెం పోయే దారిలో, అడవి అంచున ఉంటుంది మా ఊరు. చుట్టూ కోయ గూడేలు, లంబాడీ తండాలు. చాలా ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పాను. ఎవరి మాట మంచి తెలుగు, ఎవరి మాట కాదు అన్న తగాదా ఇంట్లోనూ విన్నాను, బళ్ళోనూ విన్నాను. అందుకే సురవరం ప్రతాపరెడ్డి గారి జీవితం చదివినప్పుడల్లా నాకు సొంత మనిషి గురించి చదువుతున్నట్టే ఉంటుంది. ఆయన పేరు అందరూ వినే ఉంటారు. హైదరాబాదులో టాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం చూసే ఉంటారు. ఇంతకీ ఆయన చేసిన పనేమిటి? ఒక మాటలో చెప్పాలంటే, మీ వైపు ఎవరూ లేరన్న ఎగతాళికి కోపంతో కాకుండా పేర్లతో జవాబు చెప్పారు.

ఒకే తెలుగు, ఇద్దరు దొరలు

ఆ తగాదా అర్థం కావాలంటే అప్పటి సరిహద్దులు తెలియాలి. మా టేకులపల్లి వైపంతా నిజాం రాజ్యం. గోదావరి దాటితే భద్రాచలం. అది బ్రిటిష్ వాళ్ళ మద్రాసు రాజధానిలో ఉండేది. భద్రాచలం ప్రాంతం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లోనే. అంటే రాములవారి కల్యాణానికి ఇటునుంచి పోయేవాళ్ళు ఏరు దాటి వేరే సర్కారులోకి పోయేవారన్నమాట. గుడి కట్టించిన కంచర్ల గోపన్న మాత్రం ఇవతలి నేలకొండపల్లి వాడే!

అవతల మద్రాసు వైపు తెలుగు పత్రికలు ముందే వచ్చాయి. బందరులో కృష్ణాపత్రిక 1902లో మొదలైంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. ఇవతల కచేరీ భాష ఉర్దూ. 1918లో ఏర్పడ్డ ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ పాఠాలు ఉర్దూలోనే. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు బడికి పోతే ఆ తెలుగును గుమ్మం బయటే వదిలి పోవాలి. అచ్చులో తక్కువ కనపడేసరికి అవతలివాళ్ళలో కొందరికి ఇవతల తెలుగే లేదనిపించింది. ఉన్నది కూడా ఉర్దూ కలిసిన సంకరం తెలుగని తేలిక చేశారు.

నాకు ఇక్కడే నవ్వొస్తుంది. జిల్లా, రైతు, బజారు, కాగితం, వకీలు... ఇవన్నీ అరబ్బీ, పారశీకం నుంచి వచ్చిన మాటలే కదా. గోదావరికి అటూ ఇటూ ఇవి లేకుండా పూట గడవదు. మన నోట్లో ఉంటే తెలుగు, పక్కింటివాళ్ళ నోట్లో ఉంటే సంకరమా?

తుంగభద్ర దాటిన పిల్లవాడు

ప్రతాపరెడ్డి గారు 1896 మే 28న పుట్టారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు. అప్పట్లో అలంపురం తాలూకా, ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా. గద్వాల సంస్థానం పండితులను ఆదరించడంలో పేరుపడ్డది. ఆ పక్కన వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల్లోనూ కవులకు ఆదరణ ఉండేది. అంటే పద్యం, పండితుడు అన్నవి ఆయనకు చిన్నప్పటినుంచీ తెలిసిన సంగతులే.

చదువుకి మాత్రం తుంగభద్ర దాటి బ్రిటిష్ వైపున్న కర్నూలు పోయారు. తర్వాత హైదరాబాదు నిజాం కాలేజీ, ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ. లా కూడా చదివారు. సంస్కృతం, ఉర్దూ, పారశీకం, ఇంగ్లీషు అన్నీ వచ్చు. వకీలుగా డబ్బు సంపాదించుకుంటూ హాయిగా ఉండొచ్చు. కానీ హైదరాబాదు కొత్వాలు రాజబహదూర్ వెంకటరామారెడ్డి గారు పిలిస్తే రెడ్డి హాస్టల్ బాధ్యత తీసుకున్నారు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకి తిండీ బసా చూడ్డంతోపాటు మంచి గ్రంథాలయం అమర్చారు. చూడండి, రెండు రాజ్యాల్లో తిరిగి చదువుకున్న మనిషి! అటువాళ్ళు ఎంత ముందున్నారో తెలుసు, ఇటువాళ్ళు ఎందుకు వెనకబడ్డారో తెలుసు.

మాట్లాడనివ్వని సభ

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటర్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడెవరో తెలుసా? ఆడవాళ్ళ చదువు కోసం పూనాలో విశ్వవిద్యాలయమే పెట్టిన మహర్షి కార్వే! ఉపన్యాసాలు ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో సాగాయి. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలోవాళ్ళు ఈలలు వేసి, చప్పట్లు కొట్టి ఆయన్ని కూర్చోబెట్టారు. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాషకి దక్కిన మర్యాద అది.

ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ రోజుల్లో హైదరాబాదులో ఆంధ్ర అంటే తెలుగువాళ్ళందరూ అనే అర్థం. తర్వాతి కాలపు గొడవలు ఆ మాటకి ఇంకా అంటుకోలేదు. ఆ సంఘాన్ని నడిపించినవాళ్ళలో మాడపాటి హనుమంతరావు గారు ముఖ్యులు. ఆయన పుట్టింది కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలో, పనిచేసిందంతా తెలంగాణలో. ఆయనే 1928లో నారాయణగూడలో ఆడపిల్లలకి తెలుగు మాధ్యమంలో బడి పెట్టించారు. తెలుగులో చదివే పిల్లల పరీక్షలకి ఇక్కడ గుర్తింపు దొరక్కపోతే, అదే కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయం అనుబంధం ఇచ్చింది. ఏ సభలో తెలుగు నోరు మూయించారో ఆ సభ అధ్యక్షుడి విశ్వవిద్యాలయమే తెలుగు పిల్లలకి తలుపు తీసింది!

ఒంటిచేత్తో పత్రిక

జనసంఘం వచ్చాక పత్రికలు కావాలన్న ఆరాటం పెరిగింది. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు నీలగిరి పత్రిక తెచ్చారు. అదే ఏడు, మాకు దగ్గర్లోనే మానుకోట వైపు ఇనుగుర్తి అనే పల్లెటూరి నుంచి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక నడిపారు. పల్లెలో అచ్చుయంత్రం పెట్టి పత్రిక వేశారంటే ఎంత పట్టుదలో ఊహించండి.

1926 మే 10న హైదరాబాదులో ప్రతాపరెడ్డి గారి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక మొదలైంది. వారానికి రెండుసార్లు వచ్చేది. పేరుకి సంపాదకుడు గానీ, రాసేదీ ఆయనే, ప్రూఫులు దిద్దేదీ ఆయనే. నలుగురు రాసినట్టు కనపడ్డానికి మారుపేర్లతో కూడా రాసేవారు. ఇంటిల్లిపాది పనీ ఒక్కతే చేసుకునే ఇల్లాలికి ఆ కష్టం వేరే వివరించక్కర్లేదు.

సర్కారు కళ్ళు పత్రిక మీదే ఉండేవి. ముందుగా చూపించి అనుమతి తీసుకోనిదే సంపాదకీయం వేయకూడదని ఆంక్ష పెట్టారు. ఆయన పోట్లాడలేదు, లొంగనూ లేదు. సంపాదకీయం ఉండాల్సిన చోట లోకంలోని మహనీయుల సూక్తులు వేశారు. పెద్దల మంచిమాటలకి ఏ సర్కారు అడ్డం చెబుతుంది? చదివేవాళ్ళకి మాత్రం అవి ఎవరికి తగులుతున్నాయో ఇట్టే తెలిసిపోయేది. పెద్దవాళ్ళని పల్లెత్తు మాట అనకుండా సామెతతో సమాధానం చెప్పే కోడళ్ళని మనం చూశాం కదూ!

సున్నా అన్న మాట

ఇలా ఉండగా ముడుంబ వెంకట రాఘవాచార్యులు అనే పండితుడు తెలంగాణలో కవులు లేరు, ఆ లెక్క సున్నా అన్న అర్థం వచ్చేలా రాశారు. భాగవతం రాసిన పోతన గారి బమ్మెర ఓరుగల్లు దగ్గరే ఉంది. దాశరథీ శతకం చెప్పిన రామదాసు మా వైపువాడు. ఆ మాట ఎంతమందిని గుచ్చి ఉంటుందో చెప్పండి.

ఇలాంటప్పుడు పత్రిక చేతిలో ఉన్నవాడు మామూలుగా ఏం చేస్తాడు? నాలుగు వారాలపాటు తిడతాడు. అవతలివాళ్ళూ తిడతారు. చదివేవాళ్ళకి కాలక్షేపం అవుతుంది, పత్రిక నాలుగు కాపీలు ఎక్కువ పోతుంది. ప్రతాపరెడ్డి గారు ఆ దారి తొక్కలేదు. కవులుంటే పద్యాలు పంపమని, వివరాలు పంపమని పల్లెపల్లెకీ కబురుపెట్టారు. వచ్చినవన్నీ కూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక అనే పెద్ద పుస్తకం వేశారు. అందులో 354 మంది కవులు! ఏ మారుమూల ఊళ్ళోనో రాసుకుని పెట్టెలో దాచుకున్న పద్యాలు అచ్చుకెక్కాయి. ఆ కవుల్లో స్త్రీలు కూడా ఉన్నారు.

ఈ పని విలువ ఆడవాళ్ళకి తొందరగా తెలుస్తుందని నా నమ్మకం. ఇంట్లో రోజంతా ఏం చేస్తున్నావని అడిగినప్పుడు ఏడ్చి లాభం లేదు, అరిచీ లాభం లేదు. తెల్లారింది మొదలు చేసిన పనులన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి చూపిస్తే అడిగినవాళ్ళకి మాట పడిపోతుంది. కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఆ తేడాని ఆయన అచ్చులో పెట్టి చూపించారు.

ఈ జబ్బు అందరికీ ఉంది

ఒక ప్రాంతం ఇంకో ప్రాంతాన్ని పత్రికల్లో చిన్నచూపు చూడ్డం మన తెలుగువాళ్ళకే పట్టిన జబ్బు కాదు. అమెరికా దేశం ఏర్పడ్డ కొత్తలో ఇంతకన్నా ఘోరంగా ఉండేది. అక్కడ 1789లో జాన్ ఫెన్నో అనే ఆయన మొదలుపెట్టిన పత్రిక ఆర్థికమంత్రి హామిల్టన్ పక్షం. దానికి పోటీగా 1791లో ఫిలిప్ ఫ్రెనో నడిపిన పత్రిక విదేశాంగమంత్రి జెఫర్సన్ పక్షం. ఇద్దరూ ఒకే ప్రభుత్వంలో మంత్రులు! ఉత్తరాన వర్తకులున్న రాష్ట్రాలు ఎక్కువగా ఒకవైపు, దక్షిణాన తోటల యజమానులున్న రాష్ట్రాలు ఎక్కువగా ఇంకోవైపు చేరి దుమ్మెత్తి పోసుకున్నాయి. 1798లో ప్రభుత్వాన్ని దూషించే రాతలకి శిక్ష వేసే చట్టం తెచ్చి ఎదుటిపక్షం సంపాదకులను జైల్లో కూడా పెట్టారు.

ఆ అమెరికా వాళ్ళందరికీ కలిపి ఇంగ్లండ్ నుంచి ఒక దెబ్బ తగిలింది. 1820లో సిడ్నీ స్మిత్ అనే ఆయన ఎడిన్‌బరో రివ్యూ పత్రికలో, అమెరికా వాడు రాసిన పుస్తకం లోకంలో ఎవరు చదువుతారని వెటకారం చేశాడు. మన సున్నా మాట లాంటిదే. ముందు పత్రికలు పెట్టుకున్నవాళ్ళకి, ఇంకా పెట్టుకోనివాళ్ళు మూగవాళ్ళలా కనిపిస్తారు కాబోలు!

హైదరాబాదులో కలం పట్టడం ప్రాణాలమీదకి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాసినందుకు ఇమ్రోజ్ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ని 1948 ఆగస్టులో చంపేశారు. అటువంటి ఊళ్ళో, అటువంటి కాలంలో గోలకొండ పత్రిక నిలబడింది. 1947లో దినపత్రిక కూడా అయింది.

ఆడవాళ్ళ సభ

1930లో మెదక్ జిల్లా జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటిసారి జరిగింది. అధ్యక్షులు ప్రతాపరెడ్డి గారే. తొమ్మిదేళ్ళ కిందట ఈలలు వేసి ఆపేసిన తెలుగు ఆ పందిట్లో తలెత్తుకుని మాట్లాడింది. దానితోపాటే మహిళాసభ కూడా జరిగింది. నడింపల్లి సుందరమ్మ గారు అధ్యక్షురాలు. ఆడపిల్లలకి చదువు కావాలని, బాల్యవివాహాలు పోవాలని, వితంతువులకి మళ్ళీ పెళ్ళి చేయాలని ఆ రోజుల్లో ఈ సభలు మాట్లాడాయి.

1934లో మూడో మహాసభ మా ఖమ్మంలోనే జరిగింది. అక్కడి మహిళాసభకి ఎల్లాప్రగడ సీతాకుమారి గారు అధ్యక్షురాలు. చూడండి, గోలకొండ కవుల సంచిక వచ్చిన ఏడూ అదే. కవులు లేరన్న ప్రాంతంలో ఒక పక్క 354 మంది పుస్తకమెక్కారు, ఇంకోపక్క ఆడవాళ్ళు వేదికెక్కారు. గడప దాటితే తప్పుగా చూసే కాలంలో ఒక ఆడమనిషి పందిట్లో నలుగురి ఎదుట నిలబడి మాట్లాడిందంటే, ఆ రాత్రి ఖమ్మం ఇళ్ళల్లో ఎన్ని పొయ్యిల దగ్గర ఆ ముచ్చట నడిచి ఉంటుందో!

రాజులు కాదు, మనుషులు

ఇంత పనిలోనూ ఆయన చదువు ఆపలేదు. హిందువుల పండుగలు, రామాయణ విశేషాలు, మొగలాయి కథలు... ఇలా చాలా రాశారు. అన్నిటికన్నా పెద్దది ఆంధ్రుల సాంఘిక చరిత్ర. 1949లో వచ్చింది. చరిత్ర పుస్తకమంటే మనకి భయం కదా, ఏ రాజు ఏ రాజుని ఎప్పుడు ఓడించాడో అన్నీ బట్టీ పట్టాలి. ఈ పుస్తకంలో ఆ గొడవ లేదు. తెలుగువాళ్ళు వెయ్యేళ్ళుగా ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ నగలు పెట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ జాతరలకి పోయారు, దేనికి భయపడ్డారు... ఇవే కబుర్లు. వీటికోసం కావ్యాలు, శతకాలు జల్లెడ పట్టారు. పండితులు అలంకారాల కోసం చదివే పద్యంలో ఆయన వంటకం పేరు వెతికారు, చీర పేరు వెతికారు.

ఆ పుస్తకంలో పాల్కురికి సోమన సాక్ష్యం చెబుతాడు, శ్రీనాథుడూ చెబుతాడు. ఎవరు ఏ ఒడ్డున పుట్టారన్న లెక్క లేదు. తన ప్రాంతాన్ని సున్నా అన్నారని బాధపడ్డ మనిషి, తన వంతు వచ్చేసరికి అవతలివాళ్ళని సున్నా చేయలేదు. నాకు ఆయనలో బాగా నచ్చిన గుణం ఇదే.

1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకి ఎన్నికయ్యారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. అప్పటికి 57 ఏళ్ళే. ఆయన పోయిన తర్వాత 1955లో ఆంధ్రుల సాంఘిక చరిత్రకి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగులో ఆ బహుమతి అందుకున్న మొదటి పుస్తకం అదే. లేరన్న చోటు నుంచే మొదటి బహుమతి!

ఇప్పటి సంగతి

ఆ తర్వాత రాష్ట్రాలు కలిశాయి, 2014లో విడిపోయాయి. తగాదా మాత్రం పేరు మార్చుకుని తిరుగుతూనే ఉంది. ఆంధ్ర రాష్ట్రం కోసం 1952లో నిరాహారదీక్ష చేసి ప్రాణాలిచ్చిన పొట్టి శ్రీరాములు గారి పేరుతో హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయం ఉండేది. 2025లో తెలంగాణ శాసనసభ దానికి ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టింది. మళ్ళీ అటువాళ్ళు ఒక మాట, ఇటువాళ్ళు ఒక మాట. ఇద్దరిలో ఎవరి గౌరవమూ ఇంకొకరిని తగ్గిస్తే పెరిగేది కాదు. సాంఘిక చరిత్ర రాసిన మనిషికి ఆ సంగతి మనకన్నా బాగా తెలుసు.

ఒక్క సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. 354 మంది అన్నది పెద్ద లెక్కే. కానీ అది రాయడం వచ్చినవాళ్ళ లెక్క. నాట్లు వేస్తూ పాడినవాళ్ళు, తిరగలి తిప్పుతూ పాడినవాళ్ళు, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ అప్పటికప్పుడు పాట కట్టినవాళ్ళు అందులోకి ఎలా వస్తారు? వాళ్ళకి అక్షరాలే ఇవ్వలేదు కదా మన సమాజం. మా ఊరి చుట్టూ ఉన్న తండాల్లో తీజ్ పండక్కి మొలకల బుట్టల చుట్టూ ఆడపిల్లలు పాడతారు. గూడేల్లో కోయ భాషలో పెళ్ళిపాటలున్నాయి. ఆ పిల్ల బళ్ళోకి వచ్చి తెలుగు మాట తడబడితే మాత్రం తరగతంతా నవ్వుతుంది. 1921లో మన తెలుగుని చూసి ఈలలు వేసినవాళ్ళకి, ఆ నవ్వుకి తేడా ఏముంది?

నేను బళ్ళో ఉన్నప్పుడు ఒక పని చేసేదాన్ని. ఏటా తరగతి మొదట్లో పిల్లలందరి చేతా వాళ్ళ అమ్మ, నానమ్మ పాడే పాటల్లో ఒకటి నోట్సులో రాయించేదాన్ని. లంబాడీ అయినా, కోయ అయినా తెలుగు అక్షరాల్లో రాయమనేదాన్ని. కింద పాడినావిడ పేరు, ఊరి పేరు రాయాలి. మొదట సిగ్గుపడేవాళ్ళు. మా ఇంట్లో ఎవరికీ ఏ పాటా రాదనేవాళ్ళు. వారం తిరిగేసరికి పుస్తకంలో చోటు చాలేది కాదు. ఆ పద్ధతి నా సొంతం కాదు. ప్రతాపరెడ్డి గారిదే!

మీ ఇంట్లోనూ ఒక అత్తమ్మో, అమ్మమ్మో ఉండే ఉంటుంది. నాకేం రాదే అనే అంటుంది. ఆ మాట నమ్మకండి. పక్కన కూర్చుని ఒక్కటి పాడించి రాసుకోండి. కింద ఆవిడ పేరు, ఊరు వేయడం మాత్రం మరిచిపోవద్దు.